ఊరి పంట, ఇంటి దస్తర్‌ఖాన్

2022 రంజాన్ నెల చివరి వారం. కదిరిలో తరావీహ్ నమాజు ముగించుకుని ఇంటికి వస్తూ మా వీధి కొట్టు దగ్గర ఆగాను. సహ్రీకి నూనె లేదని ఇంటి నుంచి కబురు వచ్చింది. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ అడిగితే కొట్టతను చెప్పిన ధర విని ఒక్క క్షణం నోట మాట రాలేదు. లీటరు 200 రూపాయల దగ్గరికి పోయింది. "ఇదేం అన్యాయమప్పా!" అంటే, "నన్నేం చేయమంటారు హజరత్, ఉక్రెయిన్‌లో యుద్ధం" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఆ ఏడాది ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. మనకు పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా వచ్చేది ఆ రెండు దేశాల నుంచే. అది చాలదన్నట్టు ఏప్రిల్ ఆఖరులో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మూడు వారాల తర్వాత గానీ మళ్ళీ వదల్లేదు. మన దేశం వాడుకునే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదేనన్న సంగతి అప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసింది.

ఆ ప్యాకెట్ పట్టుకుని నడుస్తుంటే నాకు సిగ్గనిపించింది. కదిరి అంటే ఏమిటి? వేరుశెనగ. మేం శెనక్కాయ అంటాం. ఇక్కడి పరిశోధనా కేంద్రం ఇచ్చిన కదిరి-6 విత్తనం పేరు వినని శెనక్కాయ రైతు మన రాష్ట్రంలో అరుదు. అంతెందుకు, మా అబ్బా వదిలిపోయిన మూడెకరాలలో పండేదీ అదే. ఆ భూమిని గుత్తకు చేస్తున్న రైతు అంతకు ముందు నవంబరులో కాయ పీకి, అప్పులవాళ్ళు వాకిట్లో నిలబడితే వ్యాపారి చెప్పిన ధరకే తూకం వేసి వచ్చాడు. ఆ రైతు ఇంట్లో పామాయిల్, నా ఇంట్లో పొద్దుతిరుగుడు. చుట్టూ నూనె గింజ పండించుకుంటూ నూనె కోసం సముద్రం వైపు చూస్తున్నాం!

నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను, ఆర్థికవేత్తను అంతకంటే కాను. మదరసాలో చదువుకుని, ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఉర్దూ, దీనియాత్ చెప్పుకుంటున్న వాణ్ణి. కానీ ఆ రాత్రి మొదలైన ఆలోచన నన్ను వదల్లేదు. మనం తినేదంతా మన చుట్టుపక్కల పండిందే అయితే ఎలా ఉంటుంది? సాధ్యమా? సాధ్యమైతే మేలా?

మా దాదీ కాలంలో ఇది ప్రశ్నే కాదు. రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం, ఉలవచారు, అనుములు, అలసందలు, శెనక్కాయల ఊరిమిండి. ఇవన్నీ చేలో నుంచి ఇంటికి, ఇంటి నుంచి కడుపులోకి నేరుగా వచ్చేవి. భూమిని కోరుకు ఇచ్చేవారు గనుక పంటలో మా వంతు గింజల రూపంలోనే గాదెలో పడేది. వరి అన్నం ఈద్ నాడు, నికాహ్ విందులో, జ్వరం వచ్చి లేచినప్పుడు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చాక మా వీధిలో ప్రతి ఇంటా రోజూ పొయ్యి మీద అన్నం ఉడికింది. ఆ పథకాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. పస్తులు పడుకున్న పిల్లలు కడుపు నిండా తిన్నారు. నా క్లాసులో నా పక్కన కూర్చున్నవాళ్ళే వాళ్ళు.

అయితే దానితోపాటే మరొకటి వచ్చింది. సంగటి తినడం నామోషీ అయింది. ఇంటికి మెహమాన్ వస్తున్నాడంటే మా అమ్మీ సంగటి గిన్నె మీద మూత పెట్టి, చాటున దాచి, పక్కింటి నుంచి బియ్యం బదులు తెచ్చేది. ఇప్పుడు చూడండి విచిత్రం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అమ్మీ దాచిన ఆ గింజలనే పెద్ద నగరాలలో రంగు ప్యాకెట్లలో పోసి, అద్దాల బీరువాల్లో పెట్టి, బియ్యానికి రెండింతల ధరకు అమ్ముతున్నారు. పేదవాడి చేత సిగ్గుపడేలా చేసి మాన్పించిన తిండిని డబ్బున్నవాడికి గొప్పగా అమ్మడం అంటే ఇదే.

సరే, అసలు సంగతికి వస్తాను. 2025 రంజాన్ మార్చి 2న మొదలైంది. దానికి వారం ముందు ఇంట్లో ప్రకటించాను: ఈ నెలంతా ఉదయం బస్సెక్కి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో పండిందే తిందాం అని. ఉప్పుకు మినహాయింపు, మందులకు మినహాయింపు. రాష్ట్రం సరిహద్దు లెక్కలోకి రాదు. బాగేపల్లి కర్ణాటకలో ఉన్నా మాకు విజయవాడ కంటే ఎన్నో రెట్లు దగ్గర కదా. కోడలు నవ్వింది. పిల్లలకు ఆటలా అనిపించింది. ఇంటావిడ మాత్రం నా వైపు ఒకసారి చూసి, "వాదా ఆప్ కా, హాతాఁ మేరే" అంది. మాట ఇచ్చింది మీరు, చేయాల్సిన చేతులు నావి అని అర్థం. ఆ మాటలో ఉన్న బరువు నాకు ఆ పూట తెలియలేదు.

మొదటి పని వంటింటి అటకలు తనిఖీ చేయడం. పిల్లలతో ఒక్కొక్క డబ్బా దించి అది ఎక్కడిదో చెప్పుకుంటూ పోయాం. గోధుమపిండి, మైదా ఉత్తరాదివి. ఏలకులు, మిరియాలు కేరళవి. ఇంగువ అఫ్ఘానిస్తాన్ వైపుది. బాదం అమెరికా నుంచి వచ్చింది. చాయ్ పొడి అస్సాంది. బియ్యం కర్నూలు, నెల్లూరు వైపువి. మరి మనవి ఏవి? కందిపప్పు మనదే, శెనక్కాయ చేలో సాళ్ళ మధ్య వేస్తారు. చింతపండుకు హిందూపురం ఉంది. టమోటాకు మదనపల్లె ఉంది. మిరప, ధనియాలు, నువ్వులు, బెల్లం, ఉలవలు, రాగులు, జొన్నలు కష్టపడితే దొరుకుతాయి. లెక్క చూస్తే మా ఇంటి అటక మీద సగం దూరపు సరుకే.

రాగి, జొన్నలతో చిక్కు లేదు, గింజను నేరుగా పిండి పట్టించవచ్చు. చిక్కంతా కొర్రతో వచ్చింది. కొర్ర, సామ గింజలకు గట్టి పొట్టు ఉంటుంది. అది వలిస్తే గానీ తినడానికి పనికిరాదు. పూర్వం ఆడవాళ్ళు రోట్లో దంచేవాళ్ళు. ఇప్పుడు రోలు వాకిట్లో తులసికోట పక్కనో, కుళాయి కిందనో పడి ఉంది. బియ్యం మిల్లులో పోస్తే ఆ చిన్న గింజ నుజ్జవుతుంది. దానికి వేరే యంత్రం కావాలి, మా ఊళ్ళో లేదు. ఒక రైతు దగ్గర కొర్ర కొని, పొట్టు తీయించే చోటు కోసం రెండు రోజులు తిరిగి, చివరికి ఓడిపోయి దాన్ని కోళ్ళకు వేశాం. మా ప్రాంతపు కొర్ర దూరపు మిల్లుకు వెళ్ళి, పొట్టు వలిపించుకుని, ప్యాకెట్‌లో కూర్చుని మూడింతల ధరతో తిరిగి వస్తోంది. "పాత పంటలు వేయండి" అని రైతుకు ఉపన్యాసాలు ఇచ్చే పెద్దలు ఆ పొట్టు సంగతి ఎప్పుడైనా ఆలోచించారా?

ఇక చేతుల సంగతి. ఏడెనిమిది మంది ఉన్న ఇంట్లో సహ్రీకి అన్నం వండటం అంటే కుక్కర్ పెట్టి పక్కన కూర్చోవడం. అదే జొన్న రొట్టెలు అంటే తెల్లవారుజామున మూడున్నరకు లేచి, వేడినీళ్ళతో పిండి పిసికి, ఒక్కొక్కటీ చేత్తో తట్టి, పెనం మీద తడిగుడ్డ అద్ది కాల్చాలి. అందులోనూ ఆమె ఉపవాసం. ఐదో రోజు సహ్రీ వేళ చూస్తే రొట్టె తడుతున్న చేయి ఆగి, రెండో చేత్తో మణికట్టు నొక్కుకుంటోంది. ఏమీ అనలేదు. అననందుకే నాకు తల దించుకోవలసి వచ్చింది. నేను పెట్టిన నియమం భారమంతా ఆమె భుజాల మీద పడింది, వీధిలో మెప్పు మాత్రం నాకు వస్తోంది! ఆ రోజు నుంచి సంగటి గెలికే పని నాది. గట్టిపడుతున్న సంగటిలో తెడ్డు తిప్పడం ఎంత కసరత్తో తెలియాలంటే చేసి చూడవలసిందే. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంటి పనులలో భార్యలకు చేయందించేవారని ఎన్నిసార్లు బయాన్‌లో చెప్పానో లెక్కలేదు. నా చేతికి తెడ్డు వచ్చింది మాత్రం 56వ ఏట. సాంప్రదాయ భోజనం గురించి రాసే మగవాళ్ళందరూ, నాతో సహా, ముందు ఒక వారం రొట్టెలు తట్టి ఆ తర్వాత కలం పట్టాలని నా సలహా.

చాయ్ విషయంలో నేను నాలుగో రోజే ఓడిపోయాను. మగ్రిబ్ తర్వాత చాయ్ పడకపోతే తరావీహ్‌లో తల పగిలిపోయేది. చాటుగా హోటల్‌కు వెళ్ళి తాగాను. ఇంటావిడ నెలాఖరు దాకా ధనియాల కషాయం తాగింది. ఆ సంగతి ఇప్పటికీ బంధువులందరికీ చెబుతూ ఉంటుంది.

మాంసం సంగతి నాకే ఆశ్చర్యం కలిగించింది. మా దస్తర్‌ఖాన్ మీద అన్నింటికంటే ఊరిది అనదగ్గది గొర్రె మాంసమే. ఆ గొర్రె మా గుట్టల మీది గడ్డి మేసి, మా చెరువు నీళ్ళు తాగి పెరిగింది. బ్రాయిలర్ కోడి ఊరి చివర షెడ్డులోనే పెరిగినా దాని దాణాలోని మొక్కజొన్న, సోయా బయటి నుంచి లారీల్లో వచ్చినవి. ఊళ్ళో ఉన్నదల్లా ఊరిది కాదు.

వియ్యంకుల వారు ఇఫ్తార్‌కు వచ్చిన రోజు అసలు పరీక్ష. బిర్యానీ లేదు. లవంగం, ఏలకు, దాల్చినచెక్క లేకుండా బిర్యానీ అనడం కూడా గునాహ్ అని మా కోడలి తీర్పు. నువ్వులు, శెనక్కాయలు వేయించి నూరిన మసాలాతో గొర్రె మాంసం కూర, రాగి సంగటి, మజ్జిగ, పుచ్చకాయ పెట్టాం. వియ్యంకుడు రెండు ముద్దలు తిని, చేయి ఆపి, చిన్నప్పుడు తన నానీ ఇంట్లో తిన్న తిండి గురించి అరగంట చెప్పాడు. వియ్యపురాలు మాత్రం మర్యాదగా కొద్దిగా తిని ఊరుకుంది. తమకు తగిన గౌరవం జరగలేదని ఆమె అనుకున్నట్టు తర్వాత తెలిసింది. ఈద్ వెళ్ళి, ఆమెను పిలిచి, బాస్మతి బిర్యానీ పెట్టాక గానీ ముఖం విచ్చుకోలేదు. ఆమెను తప్పు పట్టను. సంగటి గిన్నె దాచిన మా అమ్మీకీ, చిన్నబుచ్చుకున్న ఈమెకూ మధ్య పెద్ద తేడా లేదు.

ఖర్జూరం గురించి చాలామంది అడిగారు. ఇఫ్తార్‌కు ఖర్జూరం లేకుండా ఎలా అని. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో ఉపవాసం విరమించేవారు, అవి లేకపోతే ఎండువాటితో, అవీ లేకపోతే కొన్ని గుక్కల నీళ్ళతో. మదీనాలో ఖర్జూరం ఊరి పంట. మన ఊళ్ళో ఖర్జూరానికి బీద చెల్లెలు ఒకటి ఉంది, ఈతపండు. రెండూ ఒకే జాతి చెట్లు. చంద్రమానం లెక్కన రంజాన్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ 33 ఏళ్ళకు రుతువులన్నీ చుట్టి వస్తుంది. 1983లో జూన్‌లో వచ్చింది. మదరసా సెలవులకు ఇంటికి వచ్చిన నేను వంక గట్టున ఈతపండ్లు ఏరుకొచ్చేవాణ్ణి. వాటితోనే ఇంటిల్లిపాది ఇఫ్తార్. 2016లో మళ్ళీ రంజాన్ జూన్‌కు వచ్చింది. మనవలకు చూపిద్దామని అదే వంకకు వెళ్ళాను. ఇసుక తోడేసిన గుంటలు ఉన్నాయి, చెట్లు లేవు. సంతలో ఒక ముసలమ్మ గంపలో ఉన్న కాసిని పండ్లు కొని తెచ్చాను.

2025లో మార్చి గనుక ఈతపండు ప్రసక్తే లేదు. నీళ్ళతో, పుచ్చకాయ ముక్కతో ఉపవాసం విరమిద్దామని నిశ్చయించుకున్నాం. రెండో రోజే కువైట్‌లో పనిచేస్తున్న మా బావమరిది కొడుకు మనిషి చేత ఖర్జూరం డబ్బా పంపాడు. మన వైపు, రాయచోటి, కడప వైపు ఇలా గల్ఫ్ నుంచి డబ్బా రాని వీధి ఉంటుందా? ఎండలో కష్టపడి, తన ఖర్చులు తగ్గించుకుని పంపిన పిల్లవాడి కానుకను "నియమం" అని పక్కన పెట్టగలమా? పండు దూరానిది గానీ పంపిన చేయి మన ఇంటిది. తిన్నాం, దుఆ చేశాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఊరిదే తినాలి, బయటిది తినకూడదు అని షరీఅత్‌లో ఎక్కడా లేదు. అల్లాహ్ హలాల్ చేసిన దాన్ని మనకై మనం హరామ్ చేసుకునే అధికారం మనకు లేదు. ఖురైష్ తెగవారి శీతకాలపు, వేసవి వర్తక ప్రయాణాలను దివ్య ఖుర్ఆన్ అల్లాహ్ అనుగ్రహంగానే ప్రస్తావించింది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కాలంలో కరవు వచ్చినప్పుడు కన్ఆన్ వాసులను బతికించింది ఈజిప్టు గాదెలలోని ధాన్యమే. "ఊరి పంటే" అని వాళ్ళు పట్టుబట్టి ఉంటే ఏమయ్యేవారు? మా ప్రాంతంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది, అదీ నమ్మకం లేదు. ఇలాంటి చోట దూరపు గింజ రావడం కూడా రహ్మత్.

ఇంకో సంగతి. ఊరిలో పండిందల్లా మేలైనదనే భ్రమ వద్దు. మా చుట్టుపక్కల వెయ్యి అడుగుల దాకా బోర్లు దించి వరి వేసే వారున్నారు. ఆ బోరు పక్క రైతు బావిని ఎండబెడుతుంది. ఆ బియ్యం ఊరివే, కానీ పొరుగువాడి నీళ్ళు తాగి పండినవి. టమోటా చేలల్లో వారానికి రెండుసార్లు మందు కొట్టే వారినీ చూశాను. హంద్రీ-నీవా కాలువలో చెర్లోపల్లి జలాశయానికి శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. నీళ్ళే అంత దూరం నుంచి వస్తే పంట ఊరిదేనా అని మా చిన్న మనవడు అడిగాడు. జవాబు చెప్పలేక వాణ్ణి ఖుర్ఆన్ పాఠానికి కూర్చోబెట్టాను.

షుగర్ ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు కొర్రలు తింటే మందులే అక్కర్లేదని ఊరూరా చెప్పేవాళ్ళు బయలుదేరారు. నాకూ షుగర్ ఉంది. ఆ నెల మందు మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. అలాగే రేషన్ మీద బతికే ఇంటికి పోయి ఇది తినండి, అది తినకండి అని చెప్పే హక్కు కూడా నాకు లేదు. 2023 జనవరి నుంచి ఆ గింజలు ఉచితంగా ఇస్తున్నారు. అవి ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఈ మాటలన్నీ నెల జీతం వచ్చే నాలాంటివాళ్ళకు, గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్ళకు, ఎంచుకునే వీలున్నవాళ్ళకు.

మరైతే ఇంత శ్రమ ఎందుకు? నాకు దొరికిన జవాబు ఉష్ర్‌లో ఉంది. పంట కోసిన రోజే దానిలోని హక్కు చెల్లించమని ఖుర్ఆన్ ఆదేశం. వాన నీటితో పండితే పదో వంతు, నీళ్ళు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. చూడండి, మన ధర్మం పంటను చూసేటప్పుడు గింజను మాత్రమే చూడలేదు. ఆ నీళ్ళు ఆకాశం నుంచి దిగాయా, మనిషి చెమటోడ్చి తోడాడా అని కూడా అడిగింది. నా పళ్ళెంలోని అన్నం ఏ నీళ్ళతో పండిందో నాకు తెలుసా? ఆ కుప్ప నూర్చిన కూలికి కూలి ముట్టిందా? ప్యాకెట్ వెనక గడువు తేదీ ఉంటుంది, ఆ సంగతి ఉండదు. దగ్గరి పంట తినడంలో నాకు కనిపించిన లాభం ఇదొక్కటే. అడిగితే తెలుస్తుంది. తెలిశాక తప్పించుకోలేం.

నేను తప్పించుకోలేకపోయిన కథ చెబుతాను. అదే నూనె కథ.

2022 నవంబరులో మా మొహల్లాలో నాలుగిళ్ళ వాళ్ళం కలిసి, నా భూమి చేస్తున్న ఆ రైతు దగ్గరే కాయ కొన్నాం. ఆయన హిందువు, వరస కలుపుకుని నన్ను మామా అంటాడు. మార్కెట్ ధరే ఇచ్చాం. ఆయనకు లారీ బాడుగ, తూకంలో కోతా తప్పాయి. వంద కిలోల కాయ వలిస్తే 70 కిలోల దరిదాపు గింజ వచ్చింది, గానుగాడిస్తే ముప్పై కిలోలకు లోపు నూనె, మిగిలింది చెక్క. చెక్క ఆయన ఎద్దులకే ఇచ్చాం. ప్యాకెట్ నూనె కంటే ఖరీదు ఎక్కువే పడింది, దాచి చెప్పను. నాలుగో నెలకు కొంచెం వాసన తిరిగిందని పిల్లలు మూతులు ముడిచారు. అయినా ఆ ఏడాది పకోడీల రుచి వేరు.

2023లో వానలు ముఖం చాటేశాయి. సీమంతా కరవు. విత్తిన కాయ విత్తినట్టే మాడింది. మేం ప్యాకెట్‌కు తిరిగిపోయాం. ఒక్క పూట కూడా ఇబ్బంది పడలేదు. ఆయనకు తిరిగిపోయే చోటు లేదు. పైగా ఆ ఏడాది గుత్త డబ్బు నేను ముందే తీసుకుని ఉన్నాను. పంట ఆయనది పోయింది, డబ్బు నా దగ్గర భద్రంగా ఉంది. మూడు నెలలు నేను ఆ వీధి గుండా నడవలేదు. చివరికి ఇంటావిడే అంది, ఆయన శెనక్కాయ నూనెతో వండిన వంట ఇష్టంగా తిన్నారు, ఆయన నష్టంలో మాత్రం మీకు వంతు లేదా అని. అంతకు ముందు ఏ వ్యాపారి దగ్గరో కొన్న నూనె అయితే ఈ ప్రశ్న నా గుమ్మం తొక్కేదే కాదు. ఆ గుత్తను మరుసటి సంవత్సరానికి జమ కట్టాను.

2024 జూన్‌లో విత్తనం కొనడానికి ఆయన వడ్డీ వ్యాపారి దగ్గరకు పోబోతున్నాడని తెలిసింది. అప్పుడు నా బుర్రకు తట్టింది. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఫిఖహ్‌లో సలమ్ అధ్యాయం చెబుతున్నాను కదా! దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడివాళ్ళు ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ళ ముందే డబ్బు ఇచ్చి కొనుక్కునేవారు. ఆయన దాన్ని కాదనలేదు. తూకం, గడువు ముందే తేలి ఉండాలని షరతు మాత్రం పెట్టారు. రైతు చేతికి విత్తే వేళ డబ్బు, కొన్నవాడి ఇంటికి కోత వేళ పంట. పుస్తకంలో పాఠంగా మిగిలిన ఆ ఏర్పాటు మా ఊరి శెనక్కాయకు పనికొస్తుందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదంటే ఏమనుకోవాలి?

ఐదు ఇళ్ళ వాళ్ళం కాగితం రాసుకున్నాం. ఎన్ని కిలోలు, ఎలాంటి కాయ, ఏ నెలలో, ధర ఎంత, అన్నీ. పూర్తి డబ్బు ముందే ఇచ్చాం. ధర దగ్గర మాలో వాదన వచ్చింది. ఒక సోదరుడు, ముందే ఇస్తున్నాం గనుక బాగా తగ్గించి రాయిద్దాం అన్నాడు. కొంత తగ్గింపు షరీఅత్‌లో తప్పు కాదు. కానీ అవసరంలో ఉన్నవాడి చేత సగం ధరకు రాయించుకుంటే ఊళ్ళో దళారీ చేస్తున్నదీ మనం చేసేదీ ఒకటే అవుతుందని నేను పట్టుబట్టాను. మరో చిక్కు ఫిఖహ్‌దే. ఫలానా చేని కాయే అని సలమ్ కట్టకూడదు, ఎందుకంటే ఆ చేను ఎండిపోవచ్చు. కాయ ఎక్కడిదైనా సరే అని రాయాలి. ఎక్కడా దొరకకపోతే డబ్బు తిరిగి తీసుకోవడమో, వచ్చే పంట దాకా ఆగడమో కొన్నవాడి ఇష్టం. ఆగుతాం అని ఐదుగురమూ ముందే మాట ఇచ్చాం. అప్పుపడ్డవాడు కష్టంలో ఉంటే గడువు ఇవ్వమన్న ఆదేశం మనకు కొత్తది కాదు కదా. ఆ కాగితం చదివి వినిపిస్తే ఆయన నవ్వి, "మామా, వడ్డీ ఎంతో రాయడం మరిచిపోయినట్టున్నావు" అన్నాడు.

ఆ నవంబరులో అనుకున్న దానిలో ముప్పాతిక వంతు కాయ వచ్చింది. మిగిలిన పావు వంతు మరుసటి పంటకు వాయిదా వేశాం. 2025 రంజాన్‌లో మేం వాడింది ఆ నూనే. చాయ్ దగ్గర ఓడిపోయాం, కొర్ర దగ్గర ఓడిపోయాం, ఈద్ నాడు షీర్ ఖుర్మాలో సేమ్యా, బాదం వేయకుండా ఉండలేకపోయాం. నూనె దగ్గర మాత్రం నెలంతా నిలబడ్డాం. ఇప్పుడు ఆ కాగితం మీద సంతకం పెట్టే ఇళ్ళు తొమ్మిదయ్యాయి. రెండు హిందువులవి.

మొన్న ఆ రైతు ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "మామా, శెనక్కాయకు ఇచ్చినట్టే ముందు డబ్బు ఇచ్చేటట్లయితే ఒక ఎకరా కొర్ర వేస్తాను. వాన తక్కువైనా నిలబడుతుంది" అన్నాడు. నేను సంతోషంగా సరే అనబోతుంటే లోపలి నుంచి ఇంటావిడ గొంతు వినిపించింది.

"ముందు ఆ పొట్టు తీసే మిషను ఎక్కడుందో ఇద్దరూ కలిసి కనుక్కుని రండి. ఆ తర్వాత కాగితం రాద్దురు గాని."